నాన్న తెచ్చిన కాగితపు పూల మొక్కను కత్తిరించాలంటే చేయి ఆడటం లేదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు హైదరాబాద్ నుంచి నాలుగు పేజీల ఉత్తరం పంపారు. వయసు 36. మూడో అంతస్తులో ఫ్లాట్, పైన టెర్రస్ మీద కుండీలు పెట్టుకునే వీలుంది. నిరుడు ఏప్రిల్‌లో దగ్గర్లోని ఒక నర్సరీలో 250 రూపాయలకు ఫైకస్ మొక్క కొన్నారు. బోన్సాయ్, అంటే పెద్ద చెట్టు రూపాన్ని చిన్న కుండీలో తెచ్చే పెంపకం, చేద్దామని వీడియోలు చూసి, ఆ ఆదివారమే వేర్లు చాలావరకు కత్తిరించి, రెండంగుళాల లోతున్న ట్రేలో నాటి, హాల్లో టీవీ పక్కన పెట్టారు. పది రోజుల్లో ఆకులన్నీ రాలిపోయాయి. దాన్ని చెత్తలో వేసిన రోజు ఏడుపొచ్చిందని రాశారు.

ఈ దసరాకి వాళ్ల నాన్నగారు రాజమండ్రి వైపు నుంచి వస్తూ కడియం నర్సరీలో దిగి, రాణీరంగు కాగితపు పూల మొక్క ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. నాలుగడుగుల ఎత్తు, మొదలు మూడు వేళ్ల లావు, నల్ల కవరులో జిగట మట్టి ముద్ద. "దీన్ని బోన్సాయ్ చెయ్యి తల్లీ, సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తా" అన్నారట. ఆయనకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు చెట్టు సంగతే అడుగుతున్నారు. ఇంట్లో అత్తగారేమో మరుగుజ్జు చెట్టు ఉంటే పిల్లల ఎదుగుదల ఆగిపోతుందని, పైగా ముళ్ల మొక్క అని బాధపడుతున్నారు. నాలుగైదు వేలు పెడితే రెడీమేడ్ బోన్సాయ్ వస్తుంది కదా, ఇంత టెన్షన్ ఎందుకని భర్త అంటున్నారు. తొమ్మిదేళ్ల పాప కత్తెర చూసి "మొక్కకి నొప్పెయ్యదా అమ్మా?" అని అడిగింది. "కోస్తే చచ్చిపోతుందేమో. కోయకపోతే సంక్రాంతికి నాన్నకి ఏం చూపించను? అసలు నేను చేస్తున్నది తప్పా?" ఇదీ వారి ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక్క మాట. సంక్రాంతి లోపల ఆ మొక్కను కోయొద్దు, కవరులోంచి తీయొద్దు, ట్రే కొనొద్దు. కారణాలు కింద చెబుతాను. ఇప్పటికి ఆ కత్తెర లోపల పెట్టేసి, ఈ రాత్రికి నిశ్చింతగా పడుకోండి.

పోయిన మొక్క దగ్గర మొదలుపెడదాం. మీ భయమంతా అక్కడే ఉంది. ఫైకస్ జాతి చాలా మొండిది. మర్రి, రావి, జువ్వి దాని చుట్టాలే. గోడ పగుల్లో మొలిచి గోడనే చీల్చుకుని పెరిగే రకం. అలాంటిది మీ ఇంట్లో ఎందుకు నిలవలేదు? మీరు వేర్లు కోసినందుకు మాత్రమే కాదు. ఒకే రోజు మూడు దెబ్బలు తగిలాయి. నీరు తాగే సన్నవేర్లు పోయాయి. నర్సరీ నుంచి వచ్చిన మట్టినే లోతులేని ట్రేలో నింపారు కాబట్టి పోసిన నీరు కిందికి దిగక వేర్ల చుట్టూ నిలిచిపోయింది. వీటికి తోడు ఎండలో పెరిగిన మొక్క ఏసీ ఉన్న హాల్లో, కిటికీకి పదడుగుల దూరాన కూర్చుంది. ఇందులో ఏ ఒక్కటైనా అది తట్టుకునేది. మూడూ కలిస్తే కష్టం.

ఇంకో సంగతి. వేర్లు కదిలినప్పుడు ఫైకస్ ఆకులు రాల్చడం మామూలే. చాలాసార్లు మూడు నాలుగు వారాలకు మళ్లీ చిగురేస్తుంది. ఇకముందు ఏ మొక్కకైనా ఆకులు రాలిపోతే పారేయకండి. గోటితో బెరడు చిన్నగా గీరి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. నా మొదటి రోజుల్లో నేనూ ఒక చింత మొక్కను ఇలాగే చచ్చిపోయిందనుకుని పెరట్లో పడేశాను. వానాకాలంలో అది పడ్డచోటే పక్కకి చిగురేసింది. అప్పటి నుంచి, గీరి చూడనిదే ఏ మొక్కనీ వదులుకోను.

ఇప్పుడు అసలు విషయం. బోన్సాయ్ అనగానే అందరూ ముందు ట్రే కొంటారు. నిజానికి ట్రే ఆ ప్రయాణంలో ఆఖరి మజిలీ. ఎందుకో చెబుతాను. చెట్టు మొదలు లావెక్కాలంటే పైన కొమ్మలూ ఆకులూ స్వేచ్ఛగా పెరగాలి, కింద వేర్లకు చోటుండాలి. ఆకులు తయారుచేసే ఆహారంతోనే కాండం బలుస్తుంది. లోతులేని ట్రేలో పెట్టి, చిగురు వచ్చినప్పుడల్లా తుంచేస్తే కాండం ఎప్పుడు పెట్టామో అప్పటి లావులోనే దాదాపు ఆగిపోతుంది. సన్నటి మొక్కను ట్రేలో పెట్టి పదేళ్లు పెంచినా అది ట్రేలో ఉన్న సన్నటి మొక్కే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు నేలలోనో పెద్ద కుండీలోనో పెంచి, మొదలు తయారయ్యాక, కొమ్మలకు ఒక రూపం వచ్చాక ట్రేలోకి దింపుతారు. మీ నాన్నగారు మూడు వేళ్ల లావున్న మొదలు చూసి ఎంచారంటే ఆయనకి ఈ సంగతి తెలిసే ఉండాలి. ఆ లావు మీకు ఏళ్ల కాలాన్ని మిగిల్చింది.

కాగితపు పూల మొక్క గురించి తెలుసుకోవలసినవి మూడు నాలుగున్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇది, మన ఎండంటే దీనికి ఇష్టం. రోజుకు ఐదారు గంటల నేరుగా పడే ఎండ లేకపోతే ఆకులే వస్తాయి, పూలు రావు. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వు మధ్యలో తెల్లగా చిన్నగా ఉంటుంది. కొత్త కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి కొమ్మలు కొట్టడం దానికి హాని కాదు. అయితే దీని వేర్లు చాలా పెళుసు. కవరు లాగి మట్టి ముద్దను దులిపితే పుటుక్కున తెగిపోతాయి. అలాగే కలప మెత్తన. పెద్ద గాయం సులువుగా మూసుకోదు, తడి చేరితే లోపలికి కుళ్లుతుంది. ఈ రెండూ గుర్తుంచుకుంటే దీనంత ఓపికగల మొక్క మరొకటి లేదు.

మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, మొదలు కొట్టేయడం. నాలుగడుగుల మొక్కను నేల నుంచి ఏడెనిమిది అంగుళాల దగ్గర నరికి, అక్కడి నుంచి వచ్చే చిగుళ్లలో ఒకదాన్ని కొత్త కాండంగా ఎంచుకుని పెంచుతారు. కొన్నేళ్లకి కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా, నిజమైన పాత చెట్టులా కనిపిస్తుంది. అన్నిటికన్నా అందమైన ఫలితం దీనికే వస్తుంది. కానీ అక్కడ పడే గాయం పెద్దది, మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, మొదటి ఏడాదంతా మీ దగ్గర ఉండేది చిగుళ్లు మొలిచిన ఒక మొద్దు. ఐదేళ్ల లెక్క వేసేటప్పుడు నాన్నగారి వయసు మీ మనసులో మెదులుతుందని నాకు తెలుసు. ఆయన తెచ్చిన మొక్క మీద, మీ రెండో ప్రయత్నంగా ఈ పని చేయమని నేను అనలేను.

రెండోది, ఉన్న ఎత్తులో సగం దగ్గర ఆపి, ఉన్న కొమ్మల్లోంచే రూపం తీయడం. బోన్సాయ్ చేసేవాళ్లు మొదలు లావుకు ఆరింతల ఎత్తు అని ఒక కొలత చెబుతారు. మీ మొదలు రెండంగుళాలుంటే పన్నెండు పదమూడు అంగుళాల ఎత్తు. ఇది శాసనం కాదు, కంటికి ఒక ఆధారం. మీరు ఒకేసారి అక్కడిదాకా దిగక్కర్లేదు. ఈ ఏడాది రెండడుగులకి తెచ్చి, వచ్చే ఏడాది ఇంకొంచెం తగ్గించవచ్చు. గాయాలు చిన్నవి, ప్రమాదం తక్కువ. మొదటి ఏడాదిలోనే చూసేవాళ్లకి చెట్టు ఆకారం తెలుస్తుంది, పూలూ ఉంటాయి. లోపం ఏమిటంటే కాండం పైదాకా ఒకే లావులో కనిపించవచ్చు. మొదటి దారిలో వచ్చే గాంభీర్యం ఇందులో పూర్తిగా రాదు.

మూడోది, ఏమీ చేయకుండా పద్నాలుగు అంగుళాల కుండీలోకి మట్టి ముద్ద చెదరకుండా మార్చి, ఒకటి రెండేళ్లు అలా పెరగనివ్వడం. మొక్క బలపడుతుంది, మీకు దాని స్వభావం తెలుస్తుంది. ఈలోగా చేయి తిరగడానికి వంద రూపాయల జేడ్ మొక్క మీదో, ఇంకో ఫైకస్ మీదో సాధన చేయవచ్చు. భయం బాగా ఉన్నవాళ్లకి ఇది మంచిది. కాకపోతే ఒకటి రెండేళ్లు ఇంకో రెండేళ్లయ్యే అవకాశమూ ఉంది, ఎందుకంటే భయం దానంతట అది పోదు.

నాలుగోది మీవారు చెప్పినది. రెడీమేడ్ కొనడం తప్పేమీ కాదు. దాన్ని బతికించుకోవడమూ ఒక విద్యే. కానీ మీరు నాలుగు పేజీలు రాసింది ఇంట్లో ఒక బోన్సాయ్ లేదని కాదు కదా. మీవారికి ఆ మాట నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

నా మొగ్గు రెండో దారి వైపు. ఏ దారి ఎంచుకున్నా ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. మీ భయానికి మందు అదే. కొమ్మలు కొట్టిన రోజున తీసిన ముక్కలు పారేయకండి. పెన్సిల్ లావున్న ముదురు కొమ్మలు ఐదారు ఎంచి, ఆరేడు అంగుళాల పొడవున, కింద కొన ఏటవాలుగా కోసి, ఆకులు తీసేసి, తడి ఇసుకలో సగం దాకా గుచ్చండి. నీడలో పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి, ఇసుక ఆరిపోకుండా చూడండి. నెలన్నర రెండు నెలల్లో వేరు పడుతుంది. అన్నీ పట్టకపోవచ్చు. రెండు పట్టినా నాన్నగారు తెచ్చిన మొక్క మీ ఇంట్లో మూడు చోట్ల ఉన్నట్టు. అదే రంగు, అదే మొక్క. ఒకటి ఆయన ఊరికి పంపొచ్చు. అప్పుడు కత్తెర పట్టుకున్న చేయి వణకదు.

కాలం సంగతి. మన దగ్గర కాగితపు పూలు చలికాలం నుంచి ఎండాకాలం దాకా బాగా పూస్తాయి. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. టెర్రస్ మీద మంచి ఎండలో పెట్టి, నీరు కాస్త తగ్గించండి. పైమట్టి ఆరి, ఆకులు కొంచెం వాలినట్టు కనిపించాకే పోయండి. ఆ చిన్న దాహమే దీనికి పూత తెస్తుంది. ఎండా నీళ్లూ సరిగ్గా కుదిరితే సంక్రాంతికి నాన్నగారు చూసేది రాణీరంగులో పూసిన చెట్టునే. పండక్కి ముందు కోస్తే ఆయన చూసేది మోళ్లను.

కొమ్మలు కొట్టడం ఫిబ్రవరి రెండో సగంలో, చలి తగ్గాక. అప్పుడు మొక్క చిగురించే ఊపు మీద ఉంటుంది. వేర్ల జోలికి మాత్రం ఈ ఏడాది వెళ్లకండి. పైనా కిందా ఒకే ఏడాది కోయడం చేయి తిరిగినవాళ్లు చేస్తారు. మీరు మొదటిసారి పైది, తర్వాతి ఏడాది కిందిది పెట్టుకోండి. రోహిణి కార్తె ఎండల్లో, విడవని ముసురుల్లో వేర్లు ముట్టుకోకూడదు.

కోసే ముందు ఒక పని ఉంది, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది. కవరులో మొక్క మొదలు సాధారణంగా అంగుళం రెండంగుళాలు మట్టిలో పూడిపోయి ఉంటుంది. పుల్లతో పైమట్టిని కొద్దికొద్దిగా తవ్వుతూ వెళ్లండి. వేర్లు నాలుగు వైపులా విచ్చుకునే చోటు కనబడుతుంది. అది చెట్టు నేలను పట్టుకునే చోటు. బోన్సాయ్‌లో చూపు ముందు అక్కడ పడుతుంది. తర్వాత మొక్కను స్టూలు మీద మీ కళ్ల ఎత్తుకి పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఏ వైపు నుంచి ఆ వేర్లూ కాండం వంపూ బాగున్నాయో అది ముఖం. ఇక తీసేద్దామనుకున్న కొమ్మలకు పాత గుడ్డ ముక్కలు చుట్టి రెండు రోజులు వదిలేయండి. టెర్రస్ మీదకి వెళ్లినప్పుడల్లా ఆ కొమ్మ లేనట్టు ఊహించుకుని చూడండి. సగం గుడ్డలు మీరే విప్పేస్తారు. మిగిలిన సగమే కోయవలసినవి. సాధారణంగా ఒకే చోట గుత్తిగా పుట్టినవి, లోపలికి తిరిగినవి, ఒకదాని మీద ఒకటి పడ్డవి తీసేస్తాం. కిందనుంచి మూడో వంతు ఎత్తులో ఒక మంచి కొమ్మ ఉంటే దాన్ని కాపాడుకుంటాం.

కోసేటప్పుడు కాండానికి ఆనించి కోయకండి. కాగితపు పూల కొమ్మ కోసిన చోటు నుంచి కొంత వెనక్కి ఎండుతుంది. అంగుళం వదిలి కోయండి. ఎండిన ముక్కను కొన్ని నెలల తర్వాత తీసేయవచ్చు. బొటనవేలి లావు దాటిన గాయాలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూయండి. ముళ్లుంటాయి, మందపాటి గ్లవ్స్ వేసుకోండి, పాపను దూరంగా కూర్చోబెట్టండి. ముదిరిన కొమ్మలను వంచబోతే విరుగుతాయి, కొత్తగా వచ్చిన చిగురు కొమ్మలకే అల్యూమినియం తీగ చుట్టండి. కొమ్మ లావులో మూడో వంతు తీగ సరిపోతుంది. రెండు మూడు వారాలకోసారి చూడకపోతే తీగ బెరడులోకి దిగి మచ్చ పడుతుంది. తీగ భయమైతే కొమ్మకు మెత్తటి తాడు కట్టి కవరు అంచుకు లాగి కట్టినా పని జరుగుతుంది.

తర్వాతి ఏడాది వేర్ల పని. అప్పుడు కూడా మట్టి మొత్తం దులపకండి. ముద్ద అంచుల నుంచి మూడో వంతు మించకుండా తీసి, ట్రేలోకి కాక ఐదారు అంగుళాల లోతున్న వెడల్పు కుండీలోకి మార్చండి. మట్టి మిశ్రమం మీ మొదటి మొక్కకు దొరకనిది, కాబట్టి శ్రద్ధగా చేయండి. శనగగింజంత ఇటుక ముక్కలు రెండు పాళ్లు, గరుకు ఇసుక ఒక పాలు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు. ఇటుక పొడి జల్లెడ పట్టి తీసేయాలి, లేకపోతే అదే అడుగున బురదవుతుంది. మొక్క కదలకుండా కుండీ రంధ్రాల్లోంచి తీగ వేసి కట్టాలి. కదిలితే కొత్త వేర్లు తెగిపోతాయి. పదిహేను రోజులు నీడ, ఆ తర్వాత మెల్లగా ఎండ. నెల దాటాకే ఎరువు. వేరుశనగ చెక్క నానబెట్టి బాగా పల్చన చేసిన నీళ్లు పదిహేను రోజులకోసారి చాలు. ఇదంతా కుదిరితే మూడో ఏడాది ట్రే కొనుక్కుందాం. అప్పుడు కూడా మే నెలలో ట్రేను సిమెంటు నేల మీద పెట్టకండి, ఇటుకలు పేర్చి పైకెత్తి, షేడ్ నెట్ కింద ఉంచి, రెండు పూటలా నీళ్లు పోయాలి.

పాప ప్రశ్నకు తేలిగ్గా జవాబు చెప్పి పంపేయకండి. మొక్కకు మనలా నరాలు, మెదడు లేవని చెప్పండి. కానీ గాయమైతే మాన్పుకునే పని దానికుంటుంది, అందుకే మనం ఎప్పుడు పడితే అప్పుడు కోయకుండా దానికి ఓపిక ఉన్న కాలంలో కోస్తామని కూడా చెప్పండి. కరివేపాకు తుంచితే గుబురుగా రావడం, కాపు అయ్యాక మునగ కొమ్మలు కొట్టేస్తే మళ్లీ చిగురించి కాయడం చూపించండి. ఇసుకలో గుచ్చే కొమ్మల్లో ఒకటి తన చేత గుచ్చించండి.

అత్తగారి మాట దగ్గర మీరు చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది. ఆవిడ భయం మనవరాలి మీద ప్రేమ, దానితో వాదించి గెలవాల్సిన పని లేదు. ఒక మంచి సంగతి, ఈ మొక్క ఎలాగూ ఇంట్లో బతకదు. దానికి కావలసిన ఎండ టెర్రస్ మీదే ఉంది. ముళ్ల మొక్క గుమ్మంలోనూ ఉండదు, హాల్లోనూ ఉండదు అని చెబితే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది. మిగతా సగానికి, వీలు చూసి రెండు సంగతులు చెప్పండి. మైసూరులో గణపతి సచ్చిదానంద స్వామివారి ఆశ్రమంలో పెద్ద బోన్సాయ్ తోటే ఉంది, ఇక్కడి నుంచి వెళ్లే భక్తులూ చూసి వస్తుంటారు. రెండోది, బోన్సాయ్ అంటే ఆకలితో మాడ్చి ఆయుష్షు తగ్గించడం కాదు. జపాన్‌లో యమాకి అనే కుటుంబం పెంచిన ఒక పైన్ చెట్టు 1625 నుంచి కుండీలో ఉంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అది సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. ఒక ఇంట్లో తరతరాలు నీళ్లు పోస్తేనే అన్నేళ్లు నిలిచింది. ఇంత చెప్పినా ఆవిడకి మనసొప్పకపోతే ఒప్పుకోకపోనీయండి. మొక్క పైన ఉంటుంది, ఆవిడ కింద ఉంటారు, మీరు ఇద్దరినీ చూసుకుంటారు.

ఇక నాన్నగారు. ఆయన అడిగినప్పుడల్లా మీకు గుండె దడ వస్తోందని రాశారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "ఇంకా కోయలేదు నాన్నా, ఫిబ్రవరిలో కోస్తాను, ఎక్కడ కోయాలో మీరు వచ్చి చెప్పండి" అనండి. సంక్రాంతికి ఆయన టెర్రస్ మెట్లు ఎక్కక్కర్లేదు. మొక్కను లిఫ్టులోనో, ఇద్దరు పట్టుకునో కిందికి దింపి, వరండాలో ఆయన కుర్చీ ముందు స్టూలు మీద పెట్టండి. రెండు గంటలు నీడలో ఉంటే దానికేమీ కాదు. ఆ పూటకే మొదలు చుట్టూ పైమట్టి తవ్వి వేర్లు కనబడేలా సిద్ధంగా ఉంచండి. మీరు నెమ్మదిగా తిప్పుతుంటే ముఖం ఏ వైపో ఆయన్నే చెప్పమనండి. ఆయన చెప్పిన వైపున కవరు మీద తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టి, ఆ వైపు నుంచి ఒక ఫోటో తీసుకోండి. ఫిబ్రవరిలో కోసే ముందు ఆ ఫోటో నాకూ పంపితే, ఏ కొమ్మకు గుడ్డ చుట్టాలో కలిసి చూద్దాం.